సదుం నుంచి సచివాలయం దాకా.. ఒక మంత్రి ప్రస్థానంలో మీకున్న పాఠాలేంటి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు డిగ్రీ చదివే కుర్రాళ్ళను ‘తర్వాతేం చేస్తారు?’ అని అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. ‘బెంగళూరు పోతా’ అనేవాళ్ళు కొందరు. ‘తిరుపతిలో రూం తీసుకుని గ్రూప్స్ చదువుతా’ అనేవాళ్ళు ఇంకొందరు. మూడో జవాబు గట్టిగా చెప్పరు, కానీ చాలామంది మనసులో ఉంటుంది. ‘మా వాళ్ళకు సారు బాగా తెలుసు. ఒక మాట చెప్తే అయిపోతాది.’

ఆ ‘సారు’ ఎమ్మెల్యే కావచ్చు, మంత్రి కావచ్చు, మాజీ మంత్రి కావచ్చు. మన ప్రాంతంలో రాజకీయం ఇంటి మనిషిలాగా తిరుగుతుంది. టీ కొట్టు దగ్గర మొదలైన మాట పోర్ట్‌ఫోలియోల దగ్గరికి పోనిదే ముగియదు. అయినా పరీక్షలో ‘మంత్రిమండలి’ అధ్యాయం నుంచి ప్రశ్న వస్తే తడబడతాం. ఎవరు ఏ వర్గమో తెలుసు, పదవి ఎలా వస్తుందో, ఎలా పోతుందో మాత్రం తెలియదు.

అందుకే ఈ వారం మన పక్క ఊరి కథనే కేస్ స్టడీగా తీసుకుందాం. సదుం మండలం ఎర్రాతివారిపల్లెకు చెందిన పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి ఎమ్మెల్యేగా మొదలై మంత్రివర్గం దాకా వెళ్ళారు. ఆయన మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. అభిమానిగానో ప్రత్యర్థిగానో కాకుండా, పరీక్ష రాసేవాళ్ళుగా ఒక్కసారి చదవండి.

మంత్రి కావడానికి ఇరవై ఏళ్ళు

ముందు తేదీలు రాసుకోండి. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదువుకుని, విద్యార్థి రాజకీయాల నుంచి పైకొచ్చిన ఆయన 1989లో కాంగ్రెస్ తరఫున పీలేరు నుంచి తొలిసారి అసెంబ్లీకి వెళ్ళారు. 1994లో ఆ సీటు తెలుగుదేశానికి పోయింది. 1999, 2004 ఎన్నికల్లో మళ్ళీ పీలేరు నుంచే గెలిచారు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009లో పుంగనూరుకు మారి గెలిచారు. వైఎస్ రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో అటవీ శాఖ దక్కింది అప్పుడే.

అంటే తొలి గెలుపు నుంచి తొలి మంత్రి పదవికి 20 ఏళ్ళు.

ఆ పదవి ఎంతకాలం ఉంది? 2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. రోశయ్య ముఖ్యమంత్రి అయ్యారు. 2010 నవంబరులో రోశయ్య తప్పుకొని, కలికిరి ప్రాంతానికే చెందిన నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మంత్రివర్గంలో రామచంద్రారెడ్డి లేరు. అక్కడికి ఏడాదిన్నర. తర్వాత ఆయన వైఎస్సార్ కాంగ్రెస్‌లోకి వెళ్ళారు. 2014లో గెలిచినా పార్టీ ప్రతిపక్షంలో ఉంది. 2019లో పార్టీ అధికారంలోకి వచ్చాక పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, గనుల శాఖల మంత్రి అయ్యారు. 2022లో శాఖలు మారాయి. 2024లో ప్రభుత్వమే మారింది.

ఇప్పుడు కూడండి. 1989 నుంచి 2024 దాకా 35 ఏళ్ళు. అందులో మంత్రి కుర్చీలో ఉన్నది దాదాపు ఆరున్నరేళ్ళు. ఏడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎప్పుడూ వార్తల్లో ఉండే నాయకుడి లెక్కే ఇది. బయటి నుంచి చూస్తే ‘ఎప్పుడూ అధికారంలోనే ఉన్నారు’ అనిపిస్తుంది. తేదీలు రాసుకుంటే వేరేగా కనిపిస్తుంది. కరెంట్ అఫైర్స్ చదివేటప్పుడు అనిపించేదానికీ, తేదీలు చెప్పేదానికీ మధ్య ఇంత దూరం ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ముగ్గురు నేతలు, మూడు దారులు

మంత్రి పదవికి సీనియారిటీ లిస్టు ఉండదు. ఇది అర్థం కావాలంటే మన చుట్టుపక్కల నేతలనే పోల్చి చూడండి.

చంద్రగిరి పక్క నారావారిపల్లెకు చెందిన చంద్రబాబు నాయుడు కూడా ఎస్వీయూ విద్యార్థే. ఆయన 1978లో చంద్రగిరి నుంచి తొలిసారి ఎమ్మెల్యే అయ్యారు. రెండేళ్ళకే, 1980లో, టి.అంజయ్య మంత్రివర్గంలో చేరారు. 1983లో అదే చంద్రగిరిలో ఓడిపోయారు. 1989లో కుప్పానికి మారి, అప్పటి నుంచి 2024 దాకా వరుసగా ఎనిమిది సార్లు గెలిచారు.

కిరణ్‌కుమార్‌రెడ్డిది ఇంకో దారి. 1989లో వాయల్పాడు నుంచి తొలిసారి గెలిచారు. ప్రభుత్వ చీఫ్ విప్ అయ్యారు, స్పీకర్ అయ్యారు, అక్కడి నుంచి నేరుగా ముఖ్యమంత్రి అయ్యారు. మంత్రిగా ఒక్క రోజు కూడా పనిచేయకుండానే!

ఒకరికి రెండేళ్ళు. ఒకరికి ఇరవయ్యేళ్ళు. ఒకరికి మంత్రి పదవి అనే మెట్టే లేదు. ముగ్గురివీ బస్సులో పూటలో చుట్టి రాగలిగినంత దగ్గర ఊళ్ళే. మరి తేడా ఎక్కడొచ్చింది? ముఖ్యమంత్రి ఎవరు, పార్టీలో అప్పటి పరిస్థితేంటి, ఏ ప్రాంతానికి, ఏ వర్గానికి చోటివ్వాలి అన్న లెక్కల దగ్గర. మార్కుల మెరిట్ లిస్టుతో దానికి సంబంధం లేదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానో చివర్లో మళ్ళీ చూద్దాం.

ఎమ్మెల్యే.. మంత్రి అయ్యేదెలా?

ఇక్కడి నుంచి నోట్‌బుక్ తీయండి. రాజ్యాంగంలో 164వ అధికరణే ఈ అధ్యాయానికి గుండెకాయ.

ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారు. మిగతా మంత్రులను ముఖ్యమంత్రి సలహా మీద గవర్నర్ నియమిస్తారు. మంత్రులు గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలం పదవిలో ఉంటారని రాసుంటుంది. ఆచరణలో దాని అర్థం, ముఖ్యమంత్రి విశ్వాసం ఉన్నంతకాలం అని. మంత్రిమండలి మొత్తం కలిసి శాసనసభకు బాధ్యత వహిస్తుంది.

మంత్రులు ఎంతమంది ఉండొచ్చు? 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ దీనికి హద్దు పెట్టింది. ముఖ్యమంత్రితో కలిపి శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతం దాటకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది. అందులో 15 శాతం 26.25. అందుకే ముఖ్యమంత్రి, ఇంకో 25 మంది. అంతకు మించి కుదరదు. 2019లో 151 మంది గెలిచిన పార్టీకైనా, 2024లో 164 మంది గెలిచిన కూటమికైనా ఉన్న కుర్చీలు ఇవే. మంత్రివర్గం ఏర్పడిన ప్రతిసారీ అలకలు ఎందుకొస్తాయో ఈ ఒక్క లెక్క చెప్తుంది.

ఎమ్మెల్యే కానివాళ్ళు మంత్రి కావచ్చా? కావచ్చు, కానీ ఆరు నెలల్లోపు ఏదో ఒక సభలో సభ్యులు కావాలి. లేకపోతే పదవి పోతుంది. మన రాష్ట్రంలోనే దీనికి ఉదాహరణ ఉంది. 2018లో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును మావోయిస్టులు చంపాక, ఆయన కుమారుడు శ్రావణ్‌కుమార్‌ను ఆ ఏడాది నవంబరులో మంత్రివర్గంలోకి తీసుకున్నారు. ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఆరు నెలలు నిండే సరికి, 2019 మేలో, రాజీనామా చేయాల్సి వచ్చింది.

మరి ఆరు నెలలు అయ్యాక రాజీనామా చేసి, మర్నాడు మళ్ళీ ప్రమాణం చేస్తే? పంజాబ్‌లో ఇంచుమించు అలాగే చేశారు. ఎస్.ఆర్.చౌధురి కేసులో 2001లో సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పింది. ఎన్నిక కాకుండా అదే సభ కాలంలో రెండోసారి ఆరు నెలల అవకాశం తీసుకోవడం రాజ్యాంగాన్ని పక్కదారి పట్టించడమే అన్నది ఆ తీర్పు సారం.

ఇంకో పక్కూరి ఉదాహరణ. 2014లో పలమనేరు నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన ఎన్.అమర్‌నాథ్‌రెడ్డి, తర్వాత తెలుగుదేశంలోకి వెళ్ళి 2017 ఏప్రిల్‌లో పరిశ్రమల మంత్రి అయ్యారు. అదే రోజు అలా పార్టీ మారినవాళ్ళు మరో ముగ్గురు కూడా మంత్రులయ్యారు. ఫిరాయింపు కింద అనర్హుడైన సభ్యుడు మంత్రి కాకూడదని 164(1బి) చెప్తుంది కదా, మరెలా కుదిరింది? అనర్హత వేటు వేయాల్సింది స్పీకర్. స్పీకర్ నిర్ణయం రానంతవరకు సభ్యుడు అనర్హుడు కాడు. నిబంధన ఎక్కడ ఆగిపోతుందో ఇలాంటి ఉదాహరణతోనే మనసుకెక్కుతుంది. పదో షెడ్యూల్ బట్టీ కొట్టడం కన్నా ఇది మేలు.

అమెరికాలో ఎందుకు రాజీనామా చేస్తారు?

మన దగ్గర సభలో సభ్యులైతేనే మంత్రి. అమెరికాలో సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. సభలో సభ్యుడిగా ఉంటూ మంత్రి కాకూడదు. ఆ దేశ రాజ్యాంగం మొదటి అధికరణంలోని ఆరో సెక్షన్ ఈ సంగతి చెప్తుంది.

తాజా ఉదాహరణ మార్కో రూబియో. ఫ్లోరిడా నుంచి 2011లో సెనేట్‌లోకి వెళ్ళారు. ట్రంప్ ఆయన్ను విదేశాంగ మంత్రిగా ఎంచుకున్నారు. 2025 జనవరి 20న సెనేట్ 99-0 ఓట్లతో ఆమోదించింది. ఆయన సెనేట్ సీటు వదులుకున్నారు. ఆ సీటులోకి ఫ్లోరిడా గవర్నర్ వేరొకరిని నియమించారు. 2009లో హిల్లరీ క్లింటన్, 2013లో జాన్ కెర్రీ కూడా ఇలాగే సెనేట్ వదిలి విదేశాంగ మంత్రులయ్యారు.

తేడా ఎక్కడుంది? అక్కడ చట్టం చేసేవాళ్ళు వేరు, ప్రభుత్వం నడిపేవాళ్ళు వేరు. అధ్యక్షుడు పేరు చెప్పినా సెనేట్ ఆమోదించాలి. మన దగ్గర మంత్రికి అలాంటి ఆమోద ఓటింగ్ లేదు. దాని బదులు మంత్రి సభలోనే కూర్చుని ప్రశ్నోత్తరాల సమయంలో జవాబు చెప్పాలి.

ఇంకో చిన్న చిక్కు. అమెరికాలో ‘సెక్రటరీ’ అంటే మంత్రి. మన దగ్గర సెక్రటరీ అంటే శాఖను నడిపే ఐఏఎస్ అధికారి. ఇంటర్వ్యూల్లో ఇక్కడ తడబడినవాళ్ళు ఉన్నారు, మీరు తడబడొద్దు.

శాఖ ఎవరిది?

2022 ఏప్రిల్ వార్తలు గుర్తు చేసుకోండి. అప్పటి మంత్రివర్గంలోని 24 మంది మంత్రులూ ఒకేసారి రాజీనామాలు ఇచ్చారు. నాలుగు రోజుల తర్వాత కొత్త మంత్రివర్గం ప్రమాణం చేసింది. పాతవాళ్ళలో 11 మందికే మళ్ళీ చోటు దొరికింది. రామచంద్రారెడ్డి ఆ 11 మందిలో ఉన్నారు, కానీ శాఖలు మారాయి. పంచాయతీరాజ్ పోయింది. గనులు మిగిలాయి. ఇంధనం, అటవీ, పర్యావరణ, శాస్త్ర సాంకేతిక శాఖలు వచ్చి చేరాయి.

2024 జూన్ తర్వాత అవే శాఖలు ముగ్గురి మధ్య పంపకమయ్యాయి. పంచాయతీరాజ్, అటవీ శాఖలు పవన్ కల్యాణ్‌కు, ఇంధనం గొట్టిపాటి రవికుమార్‌కు, గనులు కొల్లు రవీంద్రకు వెళ్ళాయి.

మంత్రి పేరు రాసిన బోర్డులు ఎన్నిసార్లు మారాయో చూశారుగా. ఈ ఐదారేళ్ళలో మారనిదేంటి? పంచాయతీ కార్యదర్శి అక్కడే ఉన్నారు. ఎంపీడీవో బదిలీ అయి ఉండొచ్చు, ఉద్యోగం మాత్రం పోలేదు. అటవీ బీట్ ఆఫీసర్ బీటు తిరుగుతూనే ఉన్నారు. వెలగపూడి సచివాలయంలో ఫైలు మీద మొదటి నోట్ రాసే అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ కుర్చీ కదల్లేదు. మంత్రి సంతకం పెట్టే ఫైలు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఐదు వేలు, పదిహేను వేలు.. అసలు తేడా ఎక్కడ?

ఇప్పుడు మీకు నేరుగా తగిలే విషయానికి వద్దాం. 2019లో మన ఊళ్ళలో రెండు రకాల అవకాశాలు దాదాపు ఒకేసారి వచ్చాయి.

ఒకటి, వాలంటీరు. ఆగస్టు 15 నుంచి మొదలైంది. పల్లెల్లో యాభై ఇళ్ళకు ఒకరు. నెలకు ఐదు వేల గౌరవ వేతనం. రాతపరీక్ష లేదు, మండల స్థాయిలో ఇంటర్వ్యూ చేసి తీసుకున్నారు. రాష్ట్రం మొత్తం మీద రెండున్నర లక్షల మందికి పైగా చేరారు.

రెండు, గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగం. లక్షా పాతిక వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. సెప్టెంబరు మొదటి వారంలో రాతపరీక్ష. రోస్టర్, రిజర్వేషన్, మెరిట్ లిస్టు అన్నీ ఉన్నాయి. అక్టోబరు 2న వ్యవస్థ మొదలైంది. చేరినప్పుడు నెలకు 15 వేలు. రెండేళ్ళలో ప్రొబేషన్ అయిపోతుందన్నారు. అది ఆలస్యమై, 2022 నడిమికి గానీ పే స్కేలు రాలేదు. ఈలోపు ‘మాది ఉద్యోగమా, కాదా’ అని వాళ్ళు ఆందోళన పడిన మాట నిజం.

అప్పుడు చాలా ఇళ్ళలో లెక్క ఇలా ఉండేది. ‘పరీక్ష రాసి ఎప్పుడు వస్తాదో ఏమో.. వాలంటీరైతే ఊళ్ళోనే ఉండొచ్చు, నాయకుల దగ్గర పలుకుబడి ఉంటాది, రేపు పర్మినెంట్ చేస్తారు.’ పర్మినెంట్ చేస్తారన్న మాట ఏ జీవోలోనూ లేదు. 2024 ఎన్నికల ముందు ఇప్పటి కూటమి గౌరవ వేతనాన్ని పది వేలు చేస్తామని కూడా చెప్పింది. ఎన్నికలయ్యాక వాలంటీర్ల సేవలు కొనసాగలేదు. వాళ్ళ కాలపరిమితిని పొడిగించే ఉత్తర్వు ముందే లేదని కొత్త ప్రభుత్వం చెప్పింది. తప్పు మీదంటే మీదని రెండు పార్టీలూ అనుకున్నాయి. మధ్యలో ఐదేళ్ళు పెట్టిన వాలంటీరుకు ఇరవై రెండేళ్ళు కాస్తా ఇరవై ఏడయ్యాయి.

సచివాలయ ఉద్యోగి సంగతేంటి? అదే ప్రభుత్వం మారింది. పనులు మారాయి, సర్దుబాట్లు జరిగాయి, పింఛన్ల పంపిణీ వాళ్ళ మీద పడింది. ఉద్యోగం మాత్రం ఉంది.

ఇందులో వాలంటీరుగా చేరినవాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు. కొవిడ్ రోజుల్లో ఇంటింటికీ తిరిగింది వాళ్ళే. తేడా మనుషుల్లో లేదు, వాళ్ళు చేరిన దారిలో ఉంది. ఒక దారిలో మంజూరైన పోస్టు, నోటిఫికేషన్, పరీక్ష, సర్వీసు నిబంధనలు ఉన్నాయి. రెండో దారిలో ప్రభుత్వ విధానం ఒక్కటే ఉంది. విధానం మారితే చూపించడానికి చేతిలో కాగితం లేదు.

మంత్రి పదవిలాగే వాలంటీరు పనీ ‘ఇష్టం ఉన్నంతకాలమే’. కానీ మంత్రికి పదవి పోయాక నియోజకవర్గం ఉంటుంది, పార్టీ ఉంటుంది, వచ్చే ఎన్నిక ఉంటుంది. మీకు ఏముంటుంది? ఏ అవకాశం వచ్చినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే.

ఓడిన పార్టీలో గెలిచిన ఎమ్మెల్యే

2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 11 సీట్లే వచ్చాయి. పుంగనూరు వాటిలో ఒకటి. అయితే 2019లో నలభై వేలు దాటిన మెజారిటీ ఆరు వేల పైచిలుకుకు పడిపోయింది.

ఇక్కడా ఒక పరీక్ష ప్రశ్న ఉంది. ప్రభుత్వ ఖర్చుల మీద ఆడిట్ నివేదికలను పరిశీలించే ప్రజాపద్దుల కమిటీ, అదే పీఏసీ, ఛైర్మన్ పదవిని ప్రతిపక్షానికి ఇవ్వడం సంప్రదాయం. అది సంప్రదాయమే, రాజ్యాంగంలో రాసిన నిబంధన కాదు. 2024 నవంబరులో పీఏసీ సభ్యత్వానికి రామచంద్రారెడ్డి నామినేషన్ వేశారు. కమిటీకి సభ్యులను సభ ఓటింగ్‌తో ఎన్నుకుంటుంది. గెలిచేంత బలం 11 మందికి లేదు. వైఎస్సార్ కాంగ్రెస్ ఓటింగ్‌ను బహిష్కరించింది. జనసేనకు చెందిన పులపర్తి రామాంజనేయులు ఛైర్మన్ అయ్యారు. సంప్రదాయం, నిబంధన ఎదురుపడితే ఏది నిలుస్తుందో గ్రూప్-1 మెయిన్స్ వ్యాసానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇంకో జాగ్రత్త. మంత్రిగా ఉన్న కాలం గురించి ఆయన మీద, ఆయన కుటుంబం మీద ప్రత్యర్థులు చాలా ఆరోపణలు చేస్తారు. ఆయన వాటిని తోసిపుచ్చుతూ వచ్చారు. అవి తేల్చాల్సింది దర్యాప్తు సంస్థలు, కోర్టులు. మీరు నేర్చుకోవాల్సింది వేరే ఉంది. ఆరోపణ, ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, తీర్పు.. ఈ నాలుగూ నాలుగు వేరు వేరు మెట్లు. ఫోన్‌లో వచ్చే వీడియోల్లో నాలుగూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. జవాబు పత్రంలో అలా రాస్తే మార్కులు పోతాయి. ఇంటర్వ్యూలో అలా మాట్లాడితే బోర్డు నమ్మకం పోతుంది.

ఆ శాఖల్లో మీ కుర్చీ ఏది?

ఇప్పుడు ఈ కథను మీ వైపు తిప్పుకుందాం. ఆయన చూసిన శాఖలను ఒక్కొక్కటి తీసుకుని, దాని కింద మీ చదువుకు ఏ తలుపు ఉందో చూడండి.

పంచాయతీరాజ్: గ్రూప్-1 రాస్తే ఎంపీడీవో పోస్టు ఉంది. డిగ్రీతో పంచాయతీ కార్యదర్శి పోస్టు ఉంది. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్ళకు ఆ శాఖ ఇంజినీరింగ్ విభాగంలో ఏఈ పోస్టులు ఉంటాయి.

అటవీ: ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ చాలు. రేంజ్ ఆఫీసర్‌కు నిర్ణీత సైన్స్, ఇంజినీరింగ్ సబ్జెక్టుల్లో డిగ్రీ కావాలి. రెండింటికీ రాతపరీక్షతోపాటు నడక పరీక్ష, శారీరక ప్రమాణాలు ఉంటాయి. శేషాచలం, కౌండిన్య అడవుల పక్కన పుట్టినవాళ్ళకు నడక కొత్త కాదు, సిలబస్సే కొత్త.

ఇంధనం: మన ప్రాంతానికి కరెంటు ఇచ్చే ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఐటీఐ ఎలక్ట్రికల్ చేసినవాళ్ళు 2019లో జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2గా సచివాలయాల్లో చేరారు. బీటెక్ వాళ్ళకు ఏఈ పోస్టులుంటాయి.

గనులు: జియాలజీ చదివినవాళ్ళు తక్కువ, కాబట్టి పోటీ కూడా తక్కువ. అసిస్టెంట్ జియాలజిస్ట్, రాయల్టీ ఇన్‌స్పెక్టర్ లాంటి పోస్టులు ఎప్పుడొస్తాయో ఏపీపీఎస్సీ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి.

శాసనసభ, సచివాలయం: గ్రూప్-2 నోటిఫికేషన్‌లో సాధారణ పరిపాలన, ఆర్థిక, న్యాయ, శాసనసభ విభాగాల అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి. ఈ వ్యాసంలో చదివిందంతా గ్రూప్-2 మెయిన్స్ పేపర్-1లోని రాజ్యాంగం భాగంలోకి నేరుగా పనికొస్తుంది.

రాజకీయం మీదే నిజంగా ఆసక్తి ఉందా? అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. దానికీ పద్ధతైన దారులున్నాయి. ఢిల్లీలోని పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ ‘ల్యాంప్’ ఫెలోషిప్ ఇస్తుంది. 25 ఏళ్ళలోపు ఉన్న ఏ డిగ్రీవాళ్ళైనా దరఖాస్తు చేయొచ్చు. ఎంపిక అయితే ఒక ఎంపీ దగ్గర ప్రశ్నలు, బిల్లులు, ప్రసంగాల మీద పరిశోధన చేయాలి. నేరుగా పోటీ చేయాలంటే పంచాయతీకి 21 ఏళ్ళు, అసెంబ్లీకి 25 ఏళ్ళు, మండలికి 30 ఏళ్ళు నిండాలి. అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. రామచంద్రారెడ్డి కుమారుడు మిథున్‌రెడ్డి రాజంపేట ఎంపీ, తమ్ముడు ద్వారకనాథరెడ్డి తంబళ్ళపల్లె ఎమ్మెల్యే. కిరణ్‌కుమార్‌రెడ్డి తండ్రి కూడా ఎమ్మెల్యేగా చేసినవారే. ఏ పార్టీ చూసినా ఇంటి పేరుకు విలువ ఎక్కువ. ఇంట్లో ఎవరూ లేకుండా వచ్చేవాళ్ళకు ఈ దారి ఎక్కువ కాలం, ఎక్కువ ఖర్చు తీసుకుంటుంది. చేతిలో వేరే బతుకుదెరువు పెట్టుకుని దిగడం మంచిది.

సారు మాట, మీ హాల్‌టికెట్

మొదట్లో అనుకున్న మూడో జవాబు దగ్గరికి వద్దాం. ‘సారు ఒక మాట చెప్తే అయిపోతాది.’

అయ్యే పనులు ఉన్నాయి, కాదనలేం. బదిలీలో, ఔట్‌సోర్సింగ్‌లో, ఏదో ఒక తాత్కాలిక పనిలో సిఫార్సు లేఖ నడుస్తుందని మీరూ చూసే ఉంటారు. అలా వచ్చినదాని ఆయుష్షు ఎంత? ఇచ్చినవారి పదవి ఉన్నంత. ఆ పదవి ఆయుష్షు ఎంతో పైన లెక్క వేశాం. పాతికేళ్ళు ఎదురుచూసినవాళ్ళకే కుర్చీలు 25. ఒక ప్రమాదం, ఒక పునర్వ్యవస్థీకరణ, ఒక ఎన్నిక.. వీటిలో ఏది వచ్చినా శాఖ మారుతుంది. మంత్రి పదవికే మెరిట్ లిస్టు లేనప్పుడు, ఆ పదవి మీద ఆధారపడిన మీ ఉద్యోగానికి ఎక్కడి నుంచి వస్తుంది?

అలాగని నాయకులకు దూరంగా ఉండమని కాదు. ఎమ్మెల్యేను అడగాల్సినవి ఉన్నాయి. మా మండలంలో లైబ్రరీ ఎందుకు సాయంత్రమే మూస్తారు? డిగ్రీ కాలేజీలో ఖాళీ పోస్టులు ఎన్ని? జాబ్ క్యాలెండర్ తేదీ ఎప్పుడు? ఇవి అడగండి. సభలో ప్రశ్న వేయమని అడగండి. ఎమ్మెల్యే అధికార పక్షమైనా, ప్రతిపక్షమైనా ఆ ప్రశ్న వేసే హక్కు ఉంటుంది. అది మీ ఒక్కరి ఉద్యోగం కోసం రాసే లేఖ కన్నా ఎక్కువమందికి పనికొస్తుంది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ నియోజకవర్గం ఎమ్మెల్యే పేరు తెల్లకాగితం మీద రాయండి. తొలిసారి గెలిచిన ఏడాది, ఓడిన ఏడాది, పట్టిన శాఖలు, ఆ శాఖల్లో ఎంతకాలం ఉన్నారో తేదీలతో సహా రాయండి. పక్కనే ఆ ప్రతి శాఖ కిందా మీ చదువుకు తగిన పోస్టు ఒకటి రాయండి. ఎడమవైపు తేదీలు ఎన్నిసార్లు కొట్టేయాల్సి వస్తుందో, కుడివైపు పోస్టుల్లో ఎన్ని అలాగే ఉంటాయో మీరే చూస్తారు. తర్వాత కుడివైపు రాసిన పోస్టుకు సిలబస్ తీసి చదవడం మొదలుపెట్టండి.